ఇంట్లో రికార్డ్ చేసిన పాటకు గాలి, దూరం, లోతు: మిక్స్‌లో చోటు కల్పించే సమగ్ర మార్గదర్శి

ఇంట్లో రికార్డ్ చేసిన పాట చెవిన పడగానే దొరికిపోయే లోపం ఒకటుంది. గొంతు చెవికి అంటుకుని ఉంటుంది. గిటార్ కూడా అక్కడే ఉంటుంది. కీబోర్డ్ అయితే అసలు ఏ గదిలోనూ ఉన్నట్టుండదు. అందరూ ఒకే గోడకు తగిలించిన ఫొటోల్లా వరసగా ఉంటారు, మధ్యలో గాలి ఆడదు. దీనికి మనలో చాలామందికి తెలిసిన మందు ఒక్కటే: ప్రతి ట్రాక్ మీదా ఒక రెవర్బ్ (గదిలో నిలిచే మోతను కృత్రిమంగా కలిపే ఎఫెక్ట్) వేసి "లార్జ్ హాల్" ప్రీసెట్ నొక్కెయ్యడం.

నేనూ అలాగే మొదలుపెట్టాను. నా మొదటి పాటలో ఏడు ట్రాకులుంటే ఏడింటి మీదా ఏడు రెవర్బులు. రాత్రి రెండింటిదాకా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుని, అబ్బ ఎంత బాగా వచ్చిందో అని మురిసిపోయి పడుకున్నాను. పొద్దున్నే ఫోన్ స్పీకర్‌లో పెడితే, ఎవరో బావిలో పడి సాయం కోసం అరుస్తున్నట్టుంది. చరణంలో ఒక్క మాట తెలిస్తే ఒట్టు. అందరినీ వెనక్కి పంపేశాను కాబట్టి ముందు ఎవరూ మిగల్లేదు. ముందు ఎవరూ లేకపోతే వెనక అన్నదీ తెలియదు. అందుకే ఇప్పుడు ఎవరు దగ్గరుండాలో, ఎవరు దూరంగా ఉండాలో తేల్చుకున్నాకే రెవర్బ్ ముట్టుకుంటాను. కింద చెప్పే అంచెలన్నీ ఆ వరసలోనే ఉంటాయి.

ముందు ఒకసారి చప్పట్లు కొట్టి చూడండి

ఖాళీ గదిలో నిలబడి ఒక్కసారి చెయ్యి చరవండి. మొదట చప్పుడు నేరుగా చెవికి చేరుతుంది. వెంటనే దగ్గరి గోడలకు, కప్పుకు తగిలిన నాలుగైదు ప్రతిధ్వనులు విడివిడిగా వస్తాయి. వీటినే ఎర్లీ రిఫ్లెక్షన్స్ అంటారు. ఆ తర్వాత వేలకొద్దీ ప్రతిధ్వనులు కలిసిపోయి మెల్లగా కరిగిపోయే మోత, అంటే టెయిల్.

ధ్వని 20 డిగ్రీల వేడిలో సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. అంటే ఒక మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు. ఈ ఒక్క లెక్క గుర్తుంటే రెవర్బ్ ప్లగిన్‌లో (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్) సగం బటన్లు వాటంతటవే అర్థమవుతాయి. మీకూ గోడకూ మధ్య మీటరున్నర ఉంటే, శబ్దం వెళ్లి రావడానికి 3 మీటర్లు, దాదాపు 9 మిల్లీసెకన్లు. పెద్ద హాల్లో అదే ప్రతిధ్వని 30 మిల్లీసెకన్ల తర్వాత రావచ్చు. చెవి గది సైజును ఎక్కువగా ఈ ఖాళీని బట్టే కొలుస్తుంది. ప్లగిన్‌లో దీని పేరు ప్రీ-డిలే.

మోత ఎంతసేపు నిలుస్తుందన్నది డికే. శబ్దం 60 డెసిబెల్స్ తగ్గడానికి పట్టే సమయంగా దీన్ని కొలుస్తారు. ఈ లెక్కకు మూలపురుషుడు వాలెస్ సబైన్. 1890లలో హార్వర్డ్‌లో ఒక లెక్చర్ హాల్లో మాటలు అర్థం కావడం లేదని గొడవ వస్తే, ఆయన రాత్రిపూట పక్క థియేటర్ నుంచి కుషన్లు మోయించి, సీట్ల మీద కొన్ని కొన్ని పెంచుకుంటూ మోత ఎన్ని సెకన్లు నిలుస్తోందో కొలిచాడు. కుషన్లు పెరిగేకొద్దీ మోత తగ్గింది. మీ ఇంట్లో పరుపులు, దుప్పట్లు చెయ్యబోయే పని కూడా అదే.

మొదటి అంచె: వీలైనంత పొడిగా రికార్డ్ చెయ్యండి

చోటు కల్పించాలంటే ముందు అక్కడున్న చోటును తీసెయ్యాలి. మామూలు గదిలో గోడలు దగ్గర కాబట్టి మొదటి ప్రతిధ్వనులు 10 మిల్లీసెకన్ల లోపే వచ్చి అసలు శబ్దంతో కలిసిపోతాయి. కొన్ని ఫ్రీక్వెన్సీలు ఉబ్బుతాయి, కొన్ని చచ్చిపోతాయి. దాన్నే మనం "డబ్బాలో పాడినట్టుంది" అంటాం. ఒకసారి రికార్డింగ్‌లోకి వచ్చాక దాన్ని శుభ్రంగా తీసెయ్యడం అయ్యే పని కాదు. పైగా గట్టి శబ్దాలకూ మెల్లని శబ్దాలకూ మధ్య తేడా తగ్గించే కంప్రెసర్ వేసిన ప్రతిసారీ అది ఇంకాస్త పైకి తేలుతుంది. దాని మీద పెద్ద హాల్ రెవర్బ్ వేస్తే హాల్ మధ్యలో డబ్బా పెట్టి, అందులో కూర్చుని పాడినట్టుంటుంది.

దుప్పట్లు ఎక్కడ కట్టాలన్న దగ్గర చాలామంది పొరబడతారు. మైక్ వెనక కడతారు. మనం వాడే కార్డియాయిడ్ మైక్‌కు వెనక నుంచి వచ్చేది ఎలాగూ తక్కువే వినిపిస్తుంది. అది చూసేది పాడేవాళ్ల వైపు, వాళ్ల భుజాల మీదుగా వెనకున్న గోడ వైపు. కాబట్టి మందపాటి దుప్పటి పాడేవాళ్ల వీపు వెనక ఉండాలి. గోడకు అంటించకుండా ఒక పది సెంటీమీటర్లు ముందుకు వేలాడదీస్తే ఇంకా బాగా పనిచేస్తుంది. బట్టలు నిండిన బీరువా తలుపులు తెరిచి, దానికి వీపు పెట్టి పాడినా సరే. నోటికీ మైక్‌కీ మధ్య జానెడు, అంటే 15 నుంచి 20 సెంటీమీటర్లు.

పొడిగా వచ్చిందా లేదా అని చూడడానికి, పాడడం ఆపిన చోట్ల వాల్యూమ్ బాగా పెంచి వినండి. చివరి అక్షరం టక్కున తెగితే బాగుంది. వెనకాల "హ్" అంటూ చిన్న తోక మిగిలితే ఇంకో దుప్పటి వెయ్యండి.

రెండో అంచె: రెవర్బ్ లేకుండానే ఎంత దూరం వెళ్లొచ్చో చూడండి

ఇది అందరూ దాటేసే అంచె. కానీ మిక్స్‌లో సగం లోతు ఇక్కడే వస్తుంది.

దూరంగా ఉన్న శబ్దం చిన్నగా వినిపిస్తుంది, దాని పదును కూడా తగ్గుతుంది. గాలి పై ఫ్రీక్వెన్సీలను తినేస్తుంది కాబట్టే దూరాన ఎక్కడో మోగే మైకులోంచి బొంగురు గొంతే వస్తుంది. కాబట్టి వెనక ఉండాల్సిన కీబోర్డ్ ప్యాడ్‌ను (మెత్తగా సాగుతూ ఉండే స్వరాలు) కాస్త తగ్గించి, 6 కిలోహెర్ట్జ్ పైన ఈక్యూతో (ఒక్కో ఫ్రీక్వెన్సీని పెంచి, తగ్గించే సాధనం) కొంచెం కొయ్యండి. రెవర్బ్ చుక్క కూడా పడకుండానే అది రెండడుగులు వెనక్కి జరుగుతుంది.

వెడల్పుకు ప్యానింగ్, అంటే శబ్దాన్ని ఎడమకో కుడికో జరపడం. ఇక్కడ ఒక భ్రమ ఉంది. ఒకే గిటార్ ట్రాక్‌ను కాపీ చేసి ఒకటి ఎడమకు, ఒకటి కుడికి పెడితే వెడల్పు రాదు. రెండూ అచ్చంగా ఒకటే కాబట్టి మధ్యలో ఒకే గిటార్ గట్టిగా వినిపిస్తుంది, అంతే. ఒక కాపీని 15 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే వెడల్పు వచ్చినట్టుంటుంది. ముందొచ్చిన శబ్దం వైపే చెవి మొగ్గుతుందని, కొద్ది ఆలస్యంతో వచ్చే రెండోదాన్ని విడిగా పట్టించుకోదని 1949లో హెల్ముట్ హాస్ తన పరిశోధనలో చూపించాడు. అందుకే ఈ చిట్కాను ఆయన పేరుతోనే పిలుస్తారు. నాకైతే ఇది నచ్చదు. ఫోన్ స్పీకర్‌లో రెండు వైపులూ ఒకటైపోయినప్పుడు గిటార్ గొట్టంలోంచి వచ్చినట్టు తయారవుతుంది. ఓపిక చేసుకుని అదే భాగాన్ని రెండోసారి వాయించి రికార్డ్ చెయ్యండి. చేతులు రెండుసార్లూ ఒకేలా కదలవు. ఆ చిన్న తేడాల్లోంచే అసలైన వెడల్పు వస్తుంది.

మూడో అంచె: మూడు చోట్లు కట్టుకోండి

ఇప్పుడు రెవర్బ్. ట్రాకుల మీద నేరుగా వెయ్యకండి. మీరు ఏ సాఫ్ట్‌వేర్ వాడినా సరే, కొత్తగా మూడు బస్ ట్రాకులు (చాలా ట్రాకుల శబ్దం వచ్చి కలిసే ఉమ్మడి ట్రాకులు) తెరిచి, ఒక్కో దాని మీద ఒక్కో రెవర్బ్ పెట్టండి. వెట్ (మోత) 100 శాతం, డ్రై (అసలు శబ్దం) సున్నా. పాట ట్రాకుల నుంచి సెండ్ ద్వారా కావలసినంత శబ్దాన్ని అక్కడికి పంపండి. సెండ్, ట్రాక్ వాల్యూమ్ ఫేడర్ తర్వాత నుంచే వెళ్లేలా ఉంచండి. లేకపోతే గొంతు తగ్గించినా దాని మోత తగ్గదు, దెయ్యంలా అక్కడే ఉంటుంది.

ఒకే రెవర్బ్‌ను నలుగురూ పంచుకుంటే నలుగురూ ఒకే గదిలో ఉన్నట్టు చెవి నమ్ముతుంది. నా ఏడు రెవర్బుల పాటలో లేనిది ఇదే. అక్కడ ఏడుగురూ ఏడు ఊళ్లలో వాయిస్తున్నారు.

మొదటి బస్ పేరు "గది". డికే 0.4 నుంచి 0.6 సెకన్లు, ప్రీ-డిలే దాదాపు సున్నా. ఇది రెవర్బ్‌లా వినపడకూడదు. ఆపేసినప్పుడే అది ఉండిందని తెలియాలి. దాదాపు అన్ని వాయిద్యాలనూ కొద్దికొద్దిగా ఇందులోకి పంపుతాను. ముఖ్యంగా సాఫ్ట్‌వేర్ వాయిద్యాలకు ఇది ప్రాణం పోస్తుంది, ఎందుకంటే వాటికి పుట్టుకతో గాలి తగల్లేదు.

రెండోది "ప్లేట్". 1957లో జర్మన్ కంపెనీ ఈఎంటీ 140 అనే యంత్రం తెచ్చింది. దాదాపు 2 మీటర్ల పొడవు, మీటరు ఎత్తున్న పల్చటి ఉక్కు రేకును చట్రంలో బిగించి వేలాడదీసి, దాన్ని శబ్దంతో కదిలించి ఆ మోతను పట్టుకునేవాళ్లు. రేకులో గదికి ఉన్నట్టు దూరాన ఉన్న గోడలు ఉండవు కాబట్టి విడివిడి ప్రతిధ్వనులు లేకుండా మోత వెంటనే దట్టంగా మొదలవుతుంది. గొంతుకు మెరుపు వస్తుంది, ఫలానా గదిలో పాడుతున్నారన్న గుర్తు మాత్రం పడదు. ఇప్పుడు దీని పోలికతో చేసిన ప్లగిన్లు ప్రతిచోటా ఉన్నాయి. డికే 1.2 నుంచి 1.6 సెకన్లు.

మూడోది "దూరం". హాల్ రెవర్బ్, డికే 2.2 నుంచి 2.8 సెకన్లు, పైభాగం బాగా కోసినది. ఇందులోకి ఒకటి రెండు వాయిద్యాలే వెళ్లాలి. మూడోదాన్ని పంపాలనిపించిందంటే మొదటి రెండింటిలో ఒకదాన్ని వెనక్కి తీసుకోండి.

డబ్బు పెట్టాల్సిన పని లేదు. మీ సాఫ్ట్‌వేర్‌తో వచ్చినవే చాలు. ఉచితంగా దొరికే వాటిలో డ్రాగన్‌ఫ్లై రెవర్బ్ గదులకు, హాళ్లకు బాగుంటుంది. వాల్‌హల్లా సూపర్‌మాసివ్ మబ్బుల్లో తేలే పెద్ద మోతలకు బాగుంటుంది, మామూలు గదికి మాత్రం కాదు.

నాలుగో అంచె: రెవర్బ్‌ను కడగండి

రెవర్బ్ మురికిగా వినిపించడానికి కారణం ఎక్కువసార్లు దాని కింది భాగం. ప్రతి బస్ మీదా ఒక ఈక్యూ పెట్టండి. లండన్ అబీ రోడ్ స్టూడియో వాళ్ల పాత పద్ధతి ఒకటుంది: రెవర్బ్‌లోకి వెళ్లే శబ్దంలో 600 హెర్ట్జ్ కింద, 10 కిలోహెర్ట్జ్ పైన కోసెయ్యడం. వినడానికి మరీ ఎక్కువ కోసినట్టు అనిపిస్తుంది. రెవర్బ్‌ను ఒంటరిగా వింటే పల్చగా, పాత రేడియోలా కూడా ఉంటుంది. మిక్స్‌తో కలిపి వినండి. గొంతులో మాటలు ఒక్కసారిగా పైకి తేలతాయి. పాట నెమ్మదిగా, వాయిద్యాలు తక్కువగా ఉంటే నేను 300 దగ్గర ఆగుతాను.

గొంతుకు ఇంకొక్కటి. మన పాటల్లో స, శ, చ లాంటివి ఎక్కువ. ఒక్కో "స" ప్లేట్‌లో పడగానే "స్స్స్" అని చిమ్ముతుంది. గొంతు ట్రాక్ మీద ఇప్పటికే ఈ చిమ్మడాన్ని అణిచే డీ-ఎసర్ ఉన్నా, ప్లేట్ బస్‌లో రెవర్బ్‌కు ముందు ఇంకోటి పెట్టి దాన్ని కాస్త కఠినంగానే నొక్కండి. ఇక్కడ మొరటుగా చేసినా అసలు గొంతుకు ఏమీ కాదు, మోత ఒక్కటే మెత్తబడుతుంది.

ఐదో అంచె: గడియారాన్ని పాటతో కలపండి

60,000ను పాట టెంపోతో (నిమిషానికి ఎన్ని బీట్లు) భాగిస్తే ఒక బీట్‌కు ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. ఒక పాట తీసుకుని చూద్దాం. టెంపో 96. గొంతు, రెండుసార్లు వాయించిన గిటార్, ఫ్లూట్, కీబోర్డ్ ప్యాడ్, మెల్లగా కొట్టే పెర్కషన్. 60,000ను 96తో భాగిస్తే 625. అందులో సగం 312, పావు 156, పదహారో వంతు 39.

గొంతు వెళ్లే ప్లేట్‌కు ప్రీ-డిలే 39 మిల్లీసెకన్లు పెట్టాను. చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు: ప్రీ-డిలే పెంచితే గొంతు వెనక్కి వెళ్తుందని. జరిగేది దాదాపు వ్యతిరేకం. మాట ముందు స్పష్టంగా వచ్చేస్తుంది, మోత తర్వాత నింపాదిగా మొదలవుతుంది, కాబట్టి పెద్ద చోటులో మనిషి మన ముందే నిలబడి ఉన్నట్టుంటుంది. వెనక ఉండాల్సిన ప్యాడ్‌కు మాత్రం ప్రీ-డిలే సున్నా. శబ్దం, మోత ఒకేసారి వస్తే రెండూ కలిసిపోయి దూరం జరుగుతాయి.

డికే కూడా ఇలాగే. ఈ పాటలో రెండు బీట్లు 1.25 సెకన్లు, నాలుగు బీట్లు 2.5 సెకన్లు. ప్లేట్‌కు మొదటిది, హాల్‌కు రెండోది. ఇవి మొదలుపెట్టే అంకెలే. తర్వాత పెర్కషన్ వింటూ సరిచెయ్యాలి. ఒక దెబ్బ మోత తర్వాతి దెబ్బ పడేలోపు తప్పుకోవాలి. తప్పుకోకపోతే పాట బరువెక్కి నడవలేక నడుస్తున్నట్టుంటుంది.

చివరికి ఎవరెక్కడ తేలారంటే: పెర్కషన్, గిటార్లు "గది"లో మాత్రమే. గిటార్లు పూర్తిగా ఎడమకు, కుడికి. గొంతు ప్లేట్‌లోకి, సెండ్ మైనస్ 14 డీబీ దగ్గర. ప్యాడ్ "దూరం"లోకి దండిగా. ఫ్లూట్ దగ్గర చాలాసేపు తన్నుకున్నాను. హాల్‌లోకి పంపితే అందంగా ఉంది, కానీ గొంతు పక్కనే ఇంకో గొంతులా పోటీ పడుతోంది. చరణాల మధ్య ఒంటరిగా వచ్చినప్పుడు ప్లేట్‌లో, గొంతు వెనక చిన్న చిన్న ముక్కలుగా వచ్చినప్పుడు హాల్‌లో ఉండేలా సెండ్‌ను ఆటోమేట్ చేశాక గొడవ తీరింది.

ఆరో అంచె: గొంతుకు రెవర్బ్ కన్నా డిలే నయం

ఈ మాట కొందరు ఒప్పుకోరు. కానీ ఇంటి రికార్డింగుల్లో గొంతుకు లోతు కావాలంటే నేను ముందు చూసేది డిలేనే, అంటే శబ్దాన్ని కాస్త ఆలస్యంగా మళ్లీ వినిపించే ఎఫెక్ట్‌నే. రెవర్బ్ మాటల మధ్య ఖాళీలన్నీ పూడ్చేస్తుంది. డిలే అక్కడక్కడా ఒక గుర్తు పెట్టి ఖాళీని ఖాళీగానే వదిలేస్తుంది.

ఇంకో బస్ తెరిచి డిలే పెట్టండి. ఈ పాటకైతే 312 మిల్లీసెకన్లు, రెండు మూడు తిరుగుళ్లు. 400 హెర్ట్జ్ కింద, 4 కిలోహెర్ట్జ్ పైన కోసెయ్యండి. వింటున్నవాళ్లు "ఇక్కడ డిలే ఉంది" అని గుర్తుపట్టనంత చిన్నగా ఉంచండి. ఆ బస్ మీద ఒక కంప్రెసర్ పెట్టి, దాని సైడ్‌చెయిన్‌కు (ఎప్పుడు అణచాలో కంప్రెసర్‌కు చెప్పే ఇన్‌పుట్) గొంతు ఇవ్వండి. పాడుతున్నంతసేపూ డిలే అణిగి ఉంటుంది, ఊపిరి తీసుకునేటప్పుడు పైకి వస్తుంది.

పాదం చివరి మాట ఒక్కదాన్నే గట్టిగా డిలేలోకి విసరడం అందరికీ సరదా. తెలుగులో దీనికో చిక్కుంది. మనది అజంత భాష, పాదం చివర అచ్చు మీదే ఆగుతాం, పాడేవాళ్లు దాన్ని హాయిగా సాగదీస్తారు. సాగుతున్న గొంతు కిందే డిలే జరిగిపోతుంది, ఎవరికీ వినపడదు. నేను చివరి అక్షరంలో హల్లు వచ్చే క్షణానికే సెండ్ తెరిచి, అచ్చు సాగడం మొదలవగానే మూసేస్తాను. తిరుగుళ్ల సంఖ్య పెంచుతాను. గొంతు ఆగేసరికి ఆ హల్లు ఇంకా తిరుగుతూ ఉంటుంది.

ఏడో అంచె, కావాలంటేనే: నిజం గదిని వాడండి

1947లో షికాగోలో బిల్ పుట్నమ్ అనే ఇంజనీర్ స్టూడియో బాత్రూమ్‌లో స్పీకర్, మైక్ పెట్టి ఆ మోతను రికార్డుల్లో కలిపాడు. మనకూ బాత్రూమ్ ఉంది, మెట్ల దారి ఉంది. స్పీకర్‌ను మూలకు తిప్పి పెట్టండి. మైక్‌ను వీలైనంత దూరంగా, స్పీకర్ వైపు చూడకుండా ఉంచండి. నేరుగా వచ్చే శబ్దం మైక్‌కు ఎంత తక్కువ అందితే అంత మంచిది. గొంతు ట్రాక్ ఒక్కటే ప్లే చేసి రికార్డ్ చేసి, ఆ కొత్త ట్రాక్‌ను రెవర్బ్‌లా కింద కలపండి. టైల్స్ గోడల మోత గరుకుగా ఉంటుంది, పై భాగం కొయ్యక తప్పదు. కుళాయి గట్టిగా కట్టారో లేదో చూసుకోండి, నా ఒక టేక్‌లో పల్లవి పొడుగునా టప్ టప్ అని చుక్కలు.

ఇంత శ్రమ వద్దనుకుంటే ఇంపల్స్ రెస్పాన్స్‌లు ఉన్నాయి. ఒక చోటు ఎలా మోగుతుందో పట్టి పెట్టిన చిన్న ఆడియో ఫైళ్లివి. కన్వల్యూషన్ రెవర్బ్‌లో వేస్తే మీ గొంతు అక్కడ పాడినట్టు వస్తుంది. ఇంగ్లండ్‌లోని యార్క్ విశ్వవిద్యాలయం వారి ఓపెన్ ఎయిర్ సేకరణలో చర్చిల నుంచి సొరంగాల దాకా దొరుకుతాయి. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు కన్వల్యూషన్ ప్లగిన్ దాంతోపాటే వస్తుంది.

ఎనిమిదో అంచె: ఎక్కువైందా అని ఎలా తెలుస్తుంది

రెవర్బ్‌కు చెవి పది నిమిషాల్లో అలవాటు పడిపోతుంది. అప్పటినుంచి ఎంత పెంచినా తక్కువే అనిపిస్తుంది. అందుకే బస్ ఫేడర్‌ను కిందినుంచి మెల్లగా లేపి, "ఆ, వినిపిస్తోంది" అనిపించిన చోట ఆగి, అక్కడినుంచి 2 డీబీ తగ్గించి వదిలేయండి. కాసేపు వేరే పని చూసుకుని వచ్చి, మూడు బస్‌లనూ ఒక్కసారి మ్యూట్ చేసి చూడండి. పాట కుంచించుకుపోయినట్టయితే సరిపోయింది. "హమ్మయ్య, ఇప్పుడు మాటలు తెలుస్తున్నాయి" అనిపిస్తే ఎక్కువైంది.

తర్వాత మోనోలో, అంటే ఎడమ, కుడి రెండూ ఒకటిగా కలిపి, వినండి. నా మొదటి పాట పొద్దున్నే బావిలో పడింది ఇందుకే. హెడ్‌ఫోన్స్‌లో మోత అంతా రెండు చెవుల పక్కలకూ పరుచుకుని, మధ్యలో గొంతుకు దారి ఇచ్చింది. ఫోన్ స్పీకర్‌లో రెండు పక్కలూ ఒకచోటికే వచ్చి నేరుగా గొంతు మీద పడ్డాయి. మోనోలో మాట స్పష్టంగా ఉంటే, స్టీరియోలో ఇక బెంగ లేదు.

చివరిగా ఎక్స్‌పోర్ట్. ఆఖరి స్వరం ఆగిన చోటే ఫైల్ కోసెయ్యకండి. హాల్ మోత 2.5 సెకన్లుంటే కనీసం 4 సెకన్లు ఖాళీ వదలండి, వాల్యూమ్ పెంచి ఆ ఖాళీని చివరిదాకా వినండి. అందులో కుర్చీ కిర్రుమన్న చప్పుడో, మీరు "ఓకే" అన్న మాటో ఎక్కడో దాక్కుని ఉంటుంది.